పోటీ బేరం

ఆమె మళ్లీ వచ్చింది.

షేర్ ఆటో దిగుతూనే శ్రీజ చూసింది. అదే గళ్ల చీర, అదే నల్ల గొడుగు. ఇల్లు చూడడానికి తాము వచ్చిన ప్రతిసారీ ఆమె గేటు దగ్గర నిలబడే ఉంటోంది.

"చూసినవా?" అంటూ హరీష్‌ను మోచేత్తో పొడిచింది.

"ఆమె గూడ కొననీకొచ్చింది. రావొద్దా ఏంది?" అన్నాడు హరీష్.

రింగురోడ్డు వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులు. మేడ్చల్ హైవే మీంచి లోపలికి వస్తే సర్కారు తుమ్మ మొలిచిన ఖాళీ ప్లాట్లు, అక్కడొకటి ఇక్కడొకటి ఇల్లు. వాటిలో కొత్త సున్నం వాసన ఇంకా పోని రెండు గదుల ఇల్లొకటి వాళ్ల మనసుకు పట్టింది.

హరీష్ కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. శ్రీజ తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ అద్దె కొంపలే. చుట్టం వస్తే ఓనరు మొహం మాడ్చుకునే కొంపలు. సొంతిల్లు అన్న మాట చెవిన పడితే చాలు, హరీష్ మెత్తబడిపోతాడు. అందుకని అనుమానపడే పనంతా శ్రీజ నెత్తిన పడింది.

ల్యాబుకు పోయే క్యాబులో తోటి ఉద్యోగి సుస్మిత ముందే హెచ్చరించింది. "ఇండ్లు అమ్మెటోళ్లు వాళ్ల మనిషినే ఇంకో బేరం లెక్క తెచ్చి నిలబెడ్తరే. మనకు భయం బెట్టి జల్దీ బయానా గుంజుతరు. జర పైలం."

జనార్ధన్ నవ్వుతూ గేటు తీశాడు. ఇల్లు కట్టించి అమ్ముతున్నది ఆయనే.

"రాండ్రి సార్, రాండ్రి మేడం. సత్యమ్మగారు గూడ వచ్చిన్రు. నర్సు నౌకరి జేసి రిటైరైన్రు. పాపం, ఉద్యోగమంత జిల్లాలల్లనే తిరుగుడైందట. ఇయ్యాలనే బయానా ఇస్త అంటున్రు. ముందుగాల మీరు జూసిన్రు గదా అని ఆపిన."

శ్రీజ ఆమె మీంచి చూపు తిప్పలేదు.

ఇల్లు కొనే ఆడమనిషి ఎక్కడికి వెళ్లినా ముందు వంటగదిలోకి తొంగి చూస్తుంది. సత్యమ్మ గడపే దాటలేదు. నల్లా తిప్పలేదు. గోడకు చెమ్మ పట్టిందేమోనని చెయ్యి ఆనించి చూడలేదు. ప్రహరీ వెంట ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. గొడుగు మొనతో అక్కడా ఇక్కడా మట్టిలో పొడిచింది. బేరం మాత్రం ఆడలేదు. జనార్ధన్ ఎంత చెబితే అంతకు తలూపింది.

ప్రశ్నలు మాత్రం వేసింది.

"గీ జాగ నీకెవరు అమ్మిన్రు నాయినా? పునాది ఎన్నడు తీసినవ్? గప్పుడు ఎవ్వరు వచ్చి అడగలేదా?"

"ఎవరడుగుతరమ్మా? జాగ నాది, కట్టుకున్న."

ఆమె అడిగింది అడిగినట్టే ఆయన టకటకా జవాబు చెప్పేశాడు. ఇద్దరూ ఇంటి దగ్గర వల్లె వేసుకుని వచ్చినట్టుంది వ్యవహారం. ఇదంతా తమకు వినిపించడానికేనని శ్రీజకు గట్టిగా తోచింది.

భర్తను పక్కకు లాగింది. "ఆమె ఆయన మనిషే. నా మాట ఇను."

"కాగితాలు వకీలుకు చూపిచ్చినం. సాఫ్‌గున్నయన్నడు. ఇంకేం గావాలె?" హరీష్ గొంతులో విసుగు. "దుండిగల్ల ఇల్లు గూడ నీ అనుమానంతోటే పోయింది. ఇది గూడ పోతె ఇగ నాతోని కాదు."

జనార్ధన్ ముందు గదిలో కుర్చీలు వేయించాడు. హరీష్ లోపలికి నడిచాడు. అతని చేతి సంచిలో బయానాగా ఇవ్వాల్సిన అడ్వాన్సు డబ్బు ఉంది.

శ్రీజ గేటు బయటికొచ్చింది. ఎదురింటావిడ శివమ్మ తన వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. సత్యమ్మ ఆమె పక్కన వంగి మాట్లాడుతోంది.

"మీ ప్లాటు నంబరెంత, చెల్లె?"

ఎదురింటివాళ్లను కూడా నాటకంలోకి దింపుతోంది! శ్రీజ ఒళ్లు మండింది.

సత్యమ్మ ఆమెను చూసి గబగబా దగ్గరికొచ్చింది. చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల పైసలు ఇయ్యకుండ్రి బిడ్డా. జర ఆగుండ్రి."

వద్దంటే ఇంకా ఎగబడతారని ఎత్తు! శ్రీజ చెయ్యి విదిలించుకుంది.

"పెద్దమ్మా, జనార్ధన్ మీకెంత ఇస్తుండు?"

"దేనికి?"

"గిట్ల వచ్చి నిలబడనీకి. మాకు భయం బెట్టనీకి. మీ వయసుకు గిదేం పని?"

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఇగ రాసుకుందాం సార్" అని జనార్ధన్ అంటున్నాడు.

సత్యమ్మ గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"కొననీకొచ్చిన్నని చెప్పకుంటె ఆయన నన్ను గేటు లోపటికి రానియ్యడు బిడ్డా. మనకు చూపిచ్చే కాగితాలు ఆ కొసకు మురుగు నాలా పక్కన ఉన్న ఆయన ప్లాటువి, ఇల్లు గట్టింది మాత్రం నా ప్లాట్ల."