కొల్లేటి నీటిచుక్క

ఫ్రిజ్‌లో పిల్లాడి పాలగిన్నె పక్కనే కొల్లేటి నీళ్ళ సీసా!

పద్మప్రియకి ఒళ్ళు మండిపోయింది.

తాడేపల్లిగూడెంలో రెండు గదుల అద్దెవాటా. ఉన్న ఒక్క బల్లనీ మూడు పాత మైక్రోస్కోపులు ఆక్రమించాయి. రెండేళ్ళ బాబుకి అన్నం నేలమీదే.

ఆ మైక్రోస్కోపులకి ఫోను బిగించి ఫోటోలు తీయడం భర్త భానుప్రకాష్‌కి పిచ్చి. ఆర్నెల్లుగా తీస్తున్నాడు. అన్నీ తెల్లటి మసకే.

"ఇవాళ ఆరింటిలోగా ఎగ్జిబిషన్‌కి ఒక్క మంచి ఫోటో పంపలేకపోతే మూడూ అమ్మేస్తాను. సరేనా?" పొద్దున్న ఏలూరు బస్సెక్కుతూ ఒట్టేశాడు.

ఆరు ఎప్పుడవుతుందా అని ఆమె గడియారం వంకే చూస్తోంది.

నాలుగింటికి ఎవరో తలుపు కొట్టారు.

దళసరి కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. పెద్దాయన.

"నమస్కారమమ్మా. నా పేరు దేవసహాయం. మీ ఇంట్లో ఇత్తడి మైక్రోస్కోపు ఉందని, మీవారి ఫోటోలు మసకగా వస్తున్నాయని టీకొట్లో అనుకుంటుంటే విన్నానండి."

"కొంటారాండీ?" ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కసారి చూసిపోతానమ్మా."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఆమె ముఖం చూడలేదు. పక్కనున్న బీరువా వైపే చూపు.

పద్మప్రియ పిల్లాణ్ణి ఎత్తుకుని బీరువాకి అడ్డంగా నిలబడింది.

ఆయన మైక్రోస్కోపుని పైనుంచి కిందిదాకా తడిమాడు.

"కింది అద్దాన్ని గుంటగా ఉన్న వైపుకి తిప్పేశారమ్మా. వెలుగు ఎక్కువైపోయింది, అందుకే మసక. చెరువు నీళ్ళేమైనా ఉన్నాయా?" అంటూ అద్దాన్ని చదునుగా ఉన్న వైపుకి తిప్పాడు.

"మా ఫ్రిజ్ నిండా కొల్లేరేనండి!"

"ఓ చుక్క గాజుపలక మీద వేసి, కన్ను పెట్టండి."

"నేనా? మీరే చూసుకోవచ్చుగా?"

"నేను తిప్పుతాను. కనపడగానే ఆగమనండమ్మా."

చంకలో పిల్లాడు, పొయ్యి మీద పాలు, ఆ పైన ఈయన పెత్తనం! విసుక్కుంటూనే వంగింది.

"ఆగండాగండి!"

"ఏముందమ్మా?"

"ఏదో పచ్చగా, గుండ్రంగా. దొర్లుతోంది."

"లోపల చిన్నచిన్న బంతులున్నాయా?"

"ఉన్నాయండి."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదండి!"

"పచ్చగా అంటే... లేత వరినారులాగా? ఇంకా ముదురా?"

"ఏవండీ, పాలు పొంగిపోతున్నాయి. కొంటే కొనండి, లేకపోతే వెళ్ళండి. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్నలు!"

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"తప్పేనమ్మా. ఫోను బిగించి ఒక్కటి నొక్కండి. మీవారికి పనికొస్తుంది."

ఎలాగోలా వదిలితే చాలని, అక్కడే పడున్న పాత ఫోను బిగించి నొక్కింది.

ఆయన బీరువా వైపు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అయిదున్నరకి భానుప్రకాష్ వచ్చాడు. ఫోటో చూసి కెవ్వున అరిచాడు.

పచ్చటి గోళం. దాని కడుపులో ఏడు బుల్లి గోళాలు. ఒక్కొక్కటీ ముత్యంలా ఉంది.

గబగబా పంపేశాడు. పద్మప్రియకి బల్ల మీద ఆశ పోయింది.

"ఎవరు సరిచేశారే?"

"ఎవరో దేవసహాయమట. మాయదారి మనిషి! తను ఒక్కసారి కన్ను పెడితే ఒట్టు. ఎన్నున్నాయి, ఏం రంగని నా ప్రాణం తీశాడు. పొమ్మన్నాను."

భానుప్రకాష్ గడియారం వంక చూశాడు.

"ఎంతసేపైంది?"

"గంట పైనే. ఏం?"

"అయిదింటి బండికి వైజాగ్ కూతురింటికి వెళ్ళిపోయుంటారు. ఇక ఈ ఊరు రారు. ఇల్లు కూడా ఖాళీ చేసేశారట."

"ఎవరండీ ఆయన?"

"మా కాలేజీ ల్యాబ్ అటెండరు. ముప్పై ఏళ్ళు మా అందరికీ మైక్రోస్కోపులు సరిచేసిపెట్టారు. ఎదురుగా ఉన్నది కనపడక, పక్కచూపే మిగిలి ఆరేళ్ళయింది ప్రియా, ఎవరైనా కన్ను పెట్టి చెబితే, విని చూసుకుంటారు."