అయిపోయిన ముచ్చట

గోదావరిఖని బస్టాండుకు పోయే షేర్ ఆటోలో సంధ్యారాణి ఏవో మాటలు వల్లె వేసుకుంటోంది.

పక్కనున్న పెద్దామె కాసేపు విని అడిగింది. "ఏం భాష బిడ్డా అది?"

"స్పానిష్ అవ్వా. హైదరాబాద్‌ల నౌకరి కోసం నేర్చుకుంటున్న. అయిపోయిన ముచ్చట్లు చెప్పేకాడనే తప్పులు పోతున్నయి."

"అయిపోయినదాంట్ల ఏం కష్టమున్నది?"

"రెండు తీర్లుంటయి. రోజూ జరిగినదానికి ఒకటి, ఒక్కపారే జరిగినదానికి ఇంకోటి. మన 'పోయేటోడు', 'పోయిండు' లెక్క."

పెద్దామె ఇటు తిరిగి కూర్చుంది.

"ఎవరి బిడ్డవు?"

"రఘుపతి బిడ్డను. బొగ్గుబాయిల చేసి రిటైరయిండు. జర కుంటుకుంట నడుస్తడు చూడు, ఆయన."

పెద్దామె సంచిని ఒళ్లోకి లాక్కుంది.

"మా ఆయన గుడ బాయిల పనిచేసేటోడు. ఇదెట్లంటరు?"

"త్రబహాబా. రోజూ చేసే పని కదా."

"కప్పు కూలేటప్పుడు పక్కాయనను అవుతలికి తోసిండు."

"ఎంపుహో. తోసుడు ఒక్కపారే..." సంధ్యారాణి ఆగిపోయింది.

"తను బయటికి రాలే."

"నో సాలియో," మెల్లగా చెప్పింది.

"ఆ పక్కాయన బతికున్నడు. ఇది?"

"ఇది అయిపోయింది గాదవ్వా, ఇప్పటిది. బీవే."

"బీవే." పెద్దామె ఆ మాటను నోట్లోనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నచ్చినట్టుంది.

బస్టాండు వచ్చింది. దిగుతూ అడిగింది. "మీ నాయన మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

"అట్లనే ఉండాలె." సంచి భుజానికేసుకుని జనంలో కలిసిపోయింది.

సాయంత్రం చాయ్ తాగుతూ సంధ్యారాణి తండ్రికి ఇదంతా చెప్పింది. ఇన్నాళ్లూ కలిసిపోతున్న రెండు కాలాలూ ఆ అవ్వ మాటలతోనే విడివిడిగా తెలిసొచ్చాయంది.

రఘుపతి గ్లాసు కింద పెట్టాడు.

"ఏ ఊరంట?"

"అడగలేదు."

"ఏ బస్సెక్కింది?"

"చూడలేదు నాయనా. ఏమైంది?"

ఆయన చెప్పులేసుకుని గేటుదాకా పోయాడు. ఎటు పోవాలో తోచక అక్కడే నిలబడ్డాడు.

"ఆయన పోయినంక ఆమె యాడికి పోయిందో ఎవ్వలు చెప్పలే. మస్తు తిరిగిన, దొరకలే."

"ఎవలు నాయనా?"

"బిక్షమన్న భార్య, బిడ్డా. ఆయన తోసింది నన్నే."