తలుపు వెనక పియానో

తలుపు మూసుకున్న కాసేపటికే లోపల్నుంచి పియానో వినిపించింది.

కాలుగాలిన పిల్లిలా వసారాలో తిరుగుతున్న బస్సు డ్రైవరు ఆగిపోయాడు. లోపల డాక్టరు ఎదురుగా ఉన్నది అతని భార్య. మెడమీద గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపి వారమైంది, రిపోర్టు ఈరోజే వచ్చింది. ఆ వారమంతా అతనికి కంటిమీద కునుకు లేదు, ముద్ద దిగలేదు. తనూ లోపలికి వస్తానంటే ఆవిడ కసిరింది.

"ఇద్దరం వెళితే నిజంగానే పెద్ద జబ్బులా ఉంటుంది. నువ్విక్కడే కూర్చో."

ఆవిడకంటే ముందు ముగ్గురు వెళ్ళి, కుర్చీ వెచ్చబడకముందే వచ్చేశారు. వాళ్ళున్నంతసేపూ లోపల ఏ పాటా లేదు.

ఈ పియానోకి తొందరలేదు. ఒక మాట చెప్పి, విన్నావా అన్నట్టు ఆగి, ఇంకో మాట చెబుతోంది. దాని కింద ఏదో లావుపాటి తీగ నిదానంగా అడుగులేస్తోంది. వెనకాల ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు మెత్తని చప్పుడు. హారన్లు విని విని దిమ్మెక్కిన అతని చెవులకు ప్రాణం లేచొచ్చింది.

అదేం పాటని రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగాడు. జాజ్ అంటారని, వాయించేది ముగ్గురేనని, ఆ ఊడుస్తున్న చప్పుడు డ్రమ్ముమీద బ్రష్షులతో రుద్దడమని, ఇదంతా డాక్టరుగారే చెప్పారని ఆమె అంది. ఆ అమ్మాయి పనిలో చేరి నెల కూడా కాలేదు. మాట్లాడుతూనే తర్వాతి పేషెంటుకు ఫోన్ చేసి గంట ఆలస్యంగా రమ్మంది. గ్లాసుతో మంచినీళ్ళు లోపలికి ఇచ్చివచ్చింది.

ఆ మర్యాదలు చూసి డ్రైవరుకు సగం భయం దిగిపోయింది. ఇంత తీరిగ్గా కూర్చోబెట్టి పాట వినిపిస్తున్నారంటే ఏమీ లేదనే కదా. పైగా తన భార్య కబుర్లలో పడితే డాక్టరైనా కదలలేడు. వారం తర్వాత మొదటిసారి అతనికి ఆకలేసింది. కాలు దానంతటదే తాళం వేస్తోంది.

ఇంటికెళ్ళాక ఆవిడకు వినిపిస్తానని, ఆ రికార్డు పేరు రాసిమ్మన్నాడు. ఆ అమ్మాయి తలెత్తకుండా రాస్తోంది.

"ముందెళ్ళినవాళ్ళు ఏం పాపం చేశారమ్మా, వాళ్ళకి పెట్టలేదు?" అని నవ్వాడు.

ఆమె కలం ఆగింది. అబద్ధం చెప్పడం ఆమెకింకా అలవాటు కాలేదు.

"వాళ్ళ రిపోర్టులు బాగున్నాయండీ."