అత్తగారి పట్టు

"నిజం చెప్పు. ముట్టు ఆగి ఎన్నాళ్లయింది?"

అత్తగారు ఎకనెమ్ గొంతు పక్కింటికి వినబడేంత గట్టిగా ఉంది. ఇక్వో కూరకి తరుగుతున్న అఫాంగ్ ఆకు పక్కన పెట్టి పొత్తికడుపు పట్టుకుంది. పొద్దుటి నుంచి కుడివైపు పొడిచేస్తోంది.

"ఆగలేదత్తయ్యా. ఏదో తిన్నది పడలేదు."

అది అబద్ధం. ముట్టు తప్పి రెండు వారాలు దాటింది. పెళ్లయిన మూడేళ్లలో ఇలా రెండుసార్లు ఆశపడి, అందరికీ చెప్పుకుని, ఆ తర్వాత తలవంచుకుంది. ఈసారి రూఢి అయ్యాకే నోరు విప్పాలనుకుంది. మొగుడు ఎఫియోమ్‌కి కూడా చెప్పలేదు. అతను సముద్రం మీద చమురు బావిలో పనికి వెళ్లాడు, వచ్చే నెల గాని రాడు.

అత్తగారు తన నెలలు లెక్కపెడుతూ ఉంటుందని ఇక్వోకి తెలుసు. ఎందుకో కూడా తెలుసు. కొడుక్కి ఇంకో పిల్లను చూసి ఉంచిందని చర్చిలో ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు.

మందుల షాపతను టైఫాయిడ్ అని ఇచ్చిన మాత్రలు ఇక్వో మింగబోతే ఎకనెమ్ ఆమె చేతిలోంచి లాక్కుంది.

"ఇవి మింగితే నొప్పి ఎక్కడుందో తెలియకుండా పోతుంది. లే."

"కాస్త పడుకుంటే తగ్గుతుందత్తయ్యా."

"భుజం కూడా లాగుతోందా?"

ఇక్వో ఉలిక్కిపడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"కొంచెం."

అంతే. చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా ఆటో ఎక్కించింది. గుంత వచ్చినప్పుడల్లా ఇక్వో కళ్లకు చీకట్లు కమ్మాయి.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు కడుపు నొక్కి చూసి, "అల్సర్‌లా ఉంది. మందు రాస్తాను," అన్నాడు.

ఎకనెమ్ గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. "గర్భం పరీక్ష చెయ్యండి."

"ఆవిడ లేదంటోంది కదమ్మా."

"అది అలాగే అంటుంది. మీరు చేసేదాకా నేను లేవను. ఇంకో రోగిని లోపలికి రానివ్వను."

వరండాలో జనం తొంగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక్వోకి సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. కోడలు గొడ్డుదని కాగితం మీద రాయించుకోవడానికే ఇదంతా అనుకుంది.

పరీక్షలో గర్భం ఉందని తేలింది. స్కాన్ చేస్తుంటే డాక్టరు ముఖం మారిపోయింది. గర్భసంచి ఖాళీగా ఉంది. పిండం పక్క గొట్టంలో పెరిగి, ఆ గొట్టం కాస్తా చిట్లింది. కడుపులో నెత్తురు నిండుతోంది.

"భర్త సంతకం కావాలి," అంది నర్సు, స్ట్రెచర్ తోస్తూనే.

"వాడు నీళ్ల మీద ఉన్నాడు. వేలిముద్ర నేను వేస్తాను."

"గొట్టం తీసెయ్యాల్సి వస్తుందమ్మా."

"తీసెయ్యండి. ఆలోచించకండి."

ఎంత తేలిగ్గా అనేసింది, అనుకుంటూ ఇక్వో మత్తులోకి జారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి తేరుకుంది. డాక్టరు మంచం పక్కన నిలబడ్డాడు.

"ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేదానివి కాదు. ఎప్పుడో లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చి గొట్టం కొంత మూసుకుపోయినట్టుంది. నీలాంటివాళ్లు చాలామంది ఇలా చిట్లాకే వస్తారు. ఈసారి ముట్టు తప్పిన వారంలోనే రావాలి."

"పిల్లలు పుడతారా?"

"రెండో గొట్టం బాగానే ఉంది. అవకాశం ఉంది," అని చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఇక్వో గోడవైపు తిరిగింది.

"మీ అబ్బాయికి ఆ అమ్మాయినే చేసుకోమనండి అత్తయ్యా. నేను అడ్డం రాను."

"ఏ అమ్మాయే? ఎవరి కబుర్లు విన్నావు?"

పక్కనే కూర్చున్న ఎకనెమ్ లేచి మంచం చుట్టూ తెర లాగింది. నడుముకు చుట్టిన గుడ్డ ముడి వదులు చేసింది. బొడ్డు కింద నిలువునా పాత కుట్ల మచ్చ ఉంది. కోడలి చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించింది.

"నా గొట్టం తీసేశాకే నీ మొగుడు పుట్టాడు."