బావ చరణం

మిల్లు గేటు ముందు సమ్మె శిబిరంలో ఆ రాత్రి కాపలా మాది. నిద్ర రాకుండా, మేం కట్టుకున్న పాటే అందుకున్నాం. అందులో తలా ఒక చరణం. ఎవరిది వాళ్లే రాసుకున్నారు, వాళ్లే పాడాలి. పోయినవాళ్ల చరణం వస్తే అంతసేపూ మౌనంగా ఉంటాం. కిందటేడు యంత్రంలో నలిగి పోయిన మా బావ చరణం దగ్గర అలాగే ఆగాం.

తాళం వేసిన మిల్లు లోపల్నుంచి ఆ చరణం వినిపించింది. ఎప్పట్లాగే శ్రుతి తప్పింది.

"చచ్చినా శ్రుతి కుదర్లేదు మీ ఆయనకి," అన్నాడు ఫిట్టరు అక్కతో, గేటు దగ్గర్నుంచి వెనక్కి జరుగుతూనే.

అక్క నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తర్వాతది నీదేరా తమ్ముడూ. పాడెయ్, ఖాళీ వదలకు!"

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి నా చరణం మొదలైంది. గొంతు నాదే.