తువ్వాలు కింద తాళంచెవి

సుభానీ కొట్టు రహస్యం ఎలాగైనా కొట్టేయాలని వీరాంజనేయులు టీ తాగే వంకతో వచ్చి కూర్చున్నాడు.

గుంటూరు మిర్చి యార్డులో ఇద్దరివీ పక్కపక్క కమీషన్ కొట్లే. సుభానీ కూతురు నజ్మీన్ కంప్యూటర్ చదువు చదివి కొట్టుకో వెబ్‌సైటు పెట్టిన దగ్గర్నుంచీ కొనేవాళ్ళ ఆర్డర్లన్నీ ముందుగా సుభానీ వాళ్ళకే తెలిసిపోతున్నాయి. రైతులంతా అటే మళ్ళారు. ఈ సీజనూ ఇలాగే పోతే వీరాంజనేయులు కొట్టు మూసుకోవాల్సిందే. అదీ అతని ఏడుపు.

అలాగని అతను అమాయకుడేం కాదు. నిరుడు మేలైన తేజ రకం కాయ మచ్చు చూపించి, అడుగంతా రంగు పోయిన తాలు కాయ నింపిన బస్తాలు సుభానీకి అంటగట్టాడు. ఇదేంటని అడిగితే, "మచ్చు చూసి బస్తా కొనడం నీ తప్పు సుభానీ" అని నవ్వేశాడు. ఆ ఘనకార్యం ఇప్పటికీ యార్డంతా చెప్పుకు తిరుగుతాడు.

నజ్మీన్ లాప్‌టాప్ చూపిస్తూ తండ్రికి చెబుతోంది.

"లాగిన్ సర్వీసులో మన సైటుని రిజిస్టర్ చేశాను నాన్నా. మనకో పేరూ, ఇదిగో ఈ రహస్య తాళంచెవీ ఇచ్చారు. మన సర్వర్ ఈ రెండూ చూపిస్తేనే ఆర్డర్ల గది తెరుచుకుంటుంది. ఈ పేజీ మూసేస్తే ఇది మళ్ళీ కనబడదు. ఇంకెవరి చేతిలోనైనా పడితే మాత్రం, తామే మన సర్వర్ అని చెప్పుకుని వాళ్ళూ లోపలికొచ్చేస్తారు."

"మెల్లగా చెప్పమ్మా" అంటూ సుభానీ భుజం మీది తువ్వాలు తీసి స్క్రీను మీద కప్పేశాడు. తాతల నాడు యార్డులో ధరలన్నీ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునే తేల్చేవాళ్ళు. రహస్యమంటే సుభానీ చెయ్యి ఇప్పటికీ తువ్వాలు మీదికే పోతుంది.

ఆయన నమాజుకి లేచాడు. "బాబాయ్, కాస్త కొట్టు చూస్తుండండి. కాటా దాకా వెళ్ళొస్తాను" అని నజ్మీనూ బయటికి నడిచింది.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. వీరాంజనేయులు తువ్వాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ఇంకోచోటైతే అపశకునమని ఆగిపోయేవాడే. మిర్చి యార్డులో తుమ్ములు పట్టించుకుంటే ఇక వ్యాపారం చేసినట్టే. ఫోనులో ఫొటో తీసుకుని, తువ్వాలు ఎప్పటిలా కప్పేసి, మిగిలిన టీ తాగాడు.

అతని బావమరిది కొడుకు రామకాంత్ బ్రాడీపేటలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఫొటో చూసి టకటకా ఏవో మీటలు నొక్కాడు.

"తెరుచుకుంది మామయ్యా. కానీ ఇది దొంగతనం కదా?"

"నోర్మూసుకుని చదవరా."

నూనె తీయడానికి ఎగుమతి కంపెనీ ఒకటి తాలు కాయ ఎంతుంటే అంత, ఏ ధరకైనా కొంటుందట. శుక్రవారం లారీలు వస్తాయట.

వీరాంజనేయులు ఉన్నదంతా ఊడ్చి, బయటి మనుషుల్ని దింపి తాలు కొనిపించాడు. అంత సరుకు ఉన్నది సుభానీ దగ్గరే. అది కోల్డ్ స్టోరేజీలోంచి కదలకుండానే చేతులు మారింది. "ఇది తాలండీ, తర్వాత మమ్మల్ని అనకండి" అని సుభానీ పదే పదే చెప్పి అమ్మాడని విని, కూతురు ఆ ఆర్డరు సంగతి తండ్రికింకా చెప్పలేదనుకుని వీరాంజనేయులు పడీపడీ నవ్వాడు.

శుక్రవారం వెళ్ళిపోయింది. శనివారమూ వెళ్ళిపోయింది. లారీ జాడ లేదు. అడిగితే దొంగ, అడక్కపోతే దివాళా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆగలేక సుభానీ కొట్టుకే వెళ్ళి కూర్చున్నాడు.

"ఎవరో ఎగుమతివాళ్ళు తాలుకి వస్తారని... ఊరికే, ఎక్కడో విన్నాన్లే."

నజ్మీన్ టీ గ్లాసు చేతికిచ్చింది. "ఏ సైటునైనా రెండుసార్లు రిజిస్టర్ చేస్తాం బాబాయ్. ఒకటి అసలుది. రెండోది సరిచూసుకోడానికి, మచ్చుది. మచ్చు గదిలో ఉండేవన్నీ ఉత్తుత్తి ఆర్డర్లే. ఆ లారీలు నేను రాసినవే. ఆ రోజు తువ్వాలు కింద పెట్టింది ఆ గది తాళంచెవే."

వీరాంజనేయులుకి పొలమారింది. సుభానీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఓదార్పుగా అన్నాడు.

"మచ్చు చూసి బస్తా కొనకూడదని మీరే చెప్పారు కదన్నా, అయినా దిగులు పడకండి, అది పరాయి సరుకేం కాదు, నిరుడు మీరు నాకు అంటగట్టిన బస్తాలే."