వెనక నుంచి పిలుపు

బొగ్గుగనిలో పైకప్పు కూలబోతుంటే భార్య గొంతుతో కేకవేసే టోపీలు ఆ ఏడే వచ్చాయి. సైరన్లకు అలవాటుపడ్డ చెవులు కూడా ఆ పిలుపుకు ఆగుతాయట. కాలనీలో ఆడవాళ్లంతా గొంతులిచ్చారు, స్వరూప తప్ప.

"డ్యూటీకి పొయ్యే మనిషిని ఎనుకనుంచి పిలుస్తరా ఎవలన్న?" అంది.

"సరే, పిలువకు తియ్. నేనే వస్త," అని నవ్వుతూ వెళ్లాడు ఆమె భర్త ఓదెలు.

ఆరోజే పైకప్పు కూలింది. పిలుపు విన్న పదకొండుమందీ బయటపడ్డారు. డ్రిల్లు హోరులో ఓదెలుకు సైరన్ వినబడలేదు.

మూడోనాడు అతని టోపీ ఇంటికొచ్చింది. స్వరూప దాన్ని ఒళ్లో పెట్టుకుని గొంతు రికార్డు చేసే మీట నొక్కింది.

"ఆగయ్యా... ఎనుకకు రా!"

"గొంతు స్పష్టంగా ఉంది," అంది టోపీ. "ఇక పిలుస్తాను."